మంత్రిగారి వరుసలు

మా మంత్రి పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను మా ఊరి మార్కెట్లో బీరకాయలు ఏరుకుంటున్నాను. నిజానికి మాజీ మంత్రి అనాలి. ఆయన మాజీ అయి చాలా ఏళ్ళయింది. ఆయన దగ్గర పీఏగా ఉన్న నేను మళ్ళీ బడికి పోయి, పాఠాలు చెప్పుకొని, రిటైర్ కూడా అయ్యాను. అయినా ఆ మాట చెవిన పడగానే ముందు గుర్తొచ్చింది ఆయన ఎడమ భుజం. ఆ భుజం నా వైపు రవ్వంత వంగిందంటే నేను ఆయన చెవిలో ఒక మాట వేయాలి. నా నౌకరీ మొత్తం ఆ ఒక్క మాట మీదే నడిచింది. బీరకాయలు అక్కడే పెట్టి బస్టాండు దారి పట్టాను.

ఆ మాట ఏమిటంటే, వరుస. కారు ఏదో ఊళ్ళో ఆగుతుంది. ఎదురుగా ఒక మనిషి వస్తుంటాడు. భుజం వంగుతుంది. "బావ. మరిపెడ. మొన్ననే ఆపరేషనైంది" అంటాను నేను. మనిషి దగ్గరికి వచ్చేసరికి మా మంత్రి రెండు చేతులూ చాచి, "ఏం బావా, దవాఖానల వడ్డవంట. మా చెల్లె వండింది తినక బయట మిర్చి బజ్జీలు తింటే గట్లనే అయితది" అనేవాడు. ఆగిపోయిన పెన్షన్ గురించి అడుగుదామని వచ్చిన మనిషి అది మరిచిపోయి నవ్వుకుంటూ వెళ్ళిపోయేవాడు. ఇంటికి పోయాక గుర్తొచ్చి తల కొట్టుకునేవాడనుకోండి, అది వేరే సంగతి.

నేనీ పనిలోకి రావడం కూడా విచిత్రమే. మా బడి వార్షికోత్సవానికి ఆయన ముఖ్య అతిథి. నేను సాంఘికశాస్త్రం పంతుల్ని. వేదిక మీద కూర్చున్న పెద్దమనుషులను పరిచయం చేస్తూ ఎవరి అల్లుడు ఎవరు, ఎవరి వియ్యంకుడు ఎవరు అన్నది కూడా చెప్పేశాను. ఆయన ఉపన్యాసం మానేసి హెడ్మాస్టరు వైపు తిరిగి, "సారూ, మీ బడికి కంప్యూటర్లు ఇప్పిస్త. గీ పంతుల్ని నాకియ్యిండ్రి" అన్నాడు. కంప్యూటర్లు రాలేదు. నేను మాత్రం వెళ్ళాను.

ఆయనకు ఒక సిద్ధాంతం ఉండేది. కారులో సీటు వెనక్కి వాల్చుకొని చెప్పేవాడు. "ఓటడిగితే ఎవలియ్యరు పంతులూ. వరుస కలిపితే ఆళ్ళే ఏస్తరు. ఇంటోన్ని ఇడిసిపెట్టి బయటోనికి ఎవడేస్తడు?" మూడు ప్రశ్నల్లో ఎంతటివాడినైనా చుట్టం చేసుకునేవాడు. మీదే ఊరు, మీ ఇంటామెదే ఊరు, మీ మేనత్తనేడిచ్చిండ్రు. మూడోదానికి జవాబు వచ్చేలోపు "అయితే నువ్వు నాకు అల్లునివైతవ్" అని భుజం మీద చెయ్యి పడేది. కులం అడ్డొస్తే ఊరి వరుస, ఊరు అడ్డొస్తే బడి వరుస. దేనికీ దొరక్కపోతే ఒకే బస్సులో తిరిగిన వరుస.

ఇది వట్టి ఓట్ల బేరమని మొదట్లో నేను అనుకున్నాను. కొంతవరకు నిజం కూడా. ఆయనేం దేవుడు కాదు. ఎన్నికల ముందు ఆయన కలిపే వరుసలకు, ఎన్నికల తరువాత కలిపే వరుసలకు తూకంలో చాలా తేడా ఉండేది. అయితే ఒక రోజు కలెక్టరు నన్ను పక్కకు పిలిచి, కొంచెం భయంగానే, "మంత్రిగారికి చెల్లెళ్ళు ఎంతమందండీ? పొద్దున లేస్తే ఒక చెల్లెలి ట్రాన్స్‌ఫార్మర్ కాలిందంటారు" అని అడిగాడు. ఆయన కోస్తావైపు మనిషి, చెల్లెలంటే చెల్లెలే అనుకున్నాడు పాపం. "ఒక్కరూ లేరు సార్. మంత్రిగారు ఒక్కడే కొడుకు. తోబుట్టువులు లేరు" అన్నాను. అలా పైకి అన్న తరువాతగానీ ఆ సంగతి నాకూ తలకెక్కలేదు. ఆ రోజు నుంచి మా మంత్రిని నేను చూసే తీరు కొంచెం మారింది.

ఈ వ్యాపారంలో నష్టాలు లేకపోలేదు. ఒకసారి మరిపెడ దగ్గరి ఊళ్ళో ఒక రైతు ఇంటికి వెళ్ళాం. రైతును తమ్ముడని నేను చెవిలో వేశాను. అతని భార్యను చెల్లె అని ఆయన సొంతంగా గుర్తు పెట్టుకున్నాడు. ఒకే వాకిట్లో "ఏం తమ్మీ" అని అతన్ని, "ఏం చెల్లె" అని ఆమెను పలకరించి చాయ తాగుతున్నాడు. రైతు తల్లి మూలన కూర్చొని చింతపండు కొడుతోంది. రాయి పక్కన పెట్టి అన్నది కదా, "ఏందయ్యా, నా కొడుకుకు నా కోడలుకు అన్నాచెల్లెండ్ల వరుస జేస్తివి. పదేండ్ల సంసారమయ్యా అది."

కోడలు కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన చాయ గ్లాసు కింద పెట్టి, "తప్పయింది పెద్దమ్మా" అని, పెద్దమ్మ అంటే ఆమె కొడుకు మళ్ళీ తమ్ముడే అవుతాడని గ్రహించి, "కాదు కాదు, అత్తా. ఇయ్యాల్టి సంది నీ కొడుకు నాకు బావ. బావ ఏమన్న నేను పడాలె. గదే నాకు శిక్ష" అన్నాడు.

అది మాటవరసకు అన్నాడు. కానీ ఆ రైతు, అప్పటిదాకా నోట్లో నాలుక లేని మనిషి, బావ హక్కును గట్టిగా పట్టుకున్నాడు. తరువాత నెలలోనే సభలో మంత్రి మైకు ముందు నిలబడగానే జనంలోంచి లేచి, "ఏం బావా, పొట్ట పెరిగింది గని మా రోడ్డు పెరగకపాయె" అన్నాడు. గన్‌మెన్ అటు కదిలారు. మా మంత్రి చెయ్యి అడ్డం పెట్టి, "ఇడిసిపెట్టుండ్రి. బావ. హక్కున్నది" అన్నాడు. ఆ రోడ్డు ఆ ఏడే పడింది. బావ నోరు మూయించడానికి అంతకంటే చవకైన మార్గం ఆయనకు దొరకలేదు.

తండాల్లోనూ అంతే. అక్కడ ఒక ముసలామెను యాడీ, అంటే అమ్మా, అని పిలిచి ఆమె పెట్టిన జొన్నరొట్టె తిన్నాడు. ఆమె మందుగోలీ వేసుకోవడం కూడా ఆపి, ఆయన గడ్డం పట్టుకొని అడిగింది. "కొడుకువైతే ఐదేండ్లకోపారి అస్తవా? నా కడుపున పుట్టినోడు పుణెలో కూలికి పోయిండు, వాడే ఏడాదికోపారి అస్తడు." ఆయన ఇంకో రొట్టె అడిగి తిన్నాడు.

మంత్రి పదవి వచ్చినప్పుడు ఆయనకిచ్చిన శాఖ పేరు చాలా పొడుగు. ప్రమాణం చేసిన రోజు నుంచీ ఆ పేరు పూర్తిగా పలకడం నేను వినలేదు. "పేరు జెప్పుడు అయిపొయ్యేలోపల పదవే పోతది పంతులూ" అనేవాడు. కానీ అలా అన్న వెంటనే కారు తలుపు మీద మూడుసార్లు కొట్టుకునేవాడు. అపశకునపు మాటంటే ఆయనకు ప్రాణభయం. పిల్లి ఎదురొస్తే కాన్వాయ్ మొత్తం ఆగేది. తుమ్మితే నామినేషన్ వెనక్కి వచ్చేది. చావు అనే మాట ఎవరైనా అంటే, పోయినోడు వాళ్ళ తాతే అయినా సరే, "కాలం జేసిండు అనుండ్రి" అని సర్దేవాడు.

ఇక కొమురమ్మ సంగతి.

ఆమె పుట్టింది రేగొండ దిక్కు, ఇచ్చింది దంతాలపల్లి దిక్కు. ఎన్నికల ప్రచారంలో ఆమె ఇంటి ముందు ఆగాం. మూడు ప్రశ్నలూ అయ్యాయి. ఆమె మాత్రం నవ్వలేదు. "నాకు పుట్టిల్లు లేదయ్యా. అమ్మ, నాయిన పోయిండ్రు. ఉన్న ఒక్క అన్న సుత పోయినేడు పాయె. ఇగ నాకు ఒడిబియ్యం వోసెటోళ్ళెవలు" అన్నది. ఆడబిడ్డ ఒడిలో పసుపు కలిపిన బియ్యం పోయడం మా దగ్గర పుట్టింటివాళ్ళ పని. ఆ బియ్యం పోసే దిక్కు లేదంటే లోకంలో ఆ ఆడమనిషిని అడిగేవాళ్ళు లేరని అర్థం. మా మంత్రి ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి, జనమంతా వినేలా, "నేనున్న గద చెల్లె. ఇయ్యాల్టి సంది నేనే నీ పుట్టిల్లు" అన్నాడు. చప్పట్లు కొట్టారు. మేము తరువాతి ఇంటికి వెళ్ళిపోయాం. అలాంటివి ఆ రోజు ఇంకా చాలా ఇళ్ళలో అన్నాడు.

ఆయన మంత్రి అయ్యాక ఒక పొద్దున ఆమె జనగామ ఇంటికి వచ్చింది. వాకిట్లో దరఖాస్తులు పట్టుకున్న జనం లైను కట్టి ఉన్నారు. ఆమె లైనును చూడను కూడా చూడలేదు. తిన్నగా లోపలికి నడుస్తుంటే నేను ఆపి, దరఖాస్తు కిటికీ దగ్గర ఇవ్వాలన్నాను. నన్ను కింది నుంచి మీదికి చూసి, "దరఖాస్తు వెట్టుకొని పుట్టింటికొస్తరా ఎవలన్న?" అన్నది. నేను పక్కకు తప్పుకున్నాను.

నేరుగా వంటింట్లోకి పోయి మేడంగారిని "వదినె" అని పిలిచి పీట లాక్కొని కూర్చుంది. మేడం గట్టి మనిషి. నా వైపు చూసి, "ఒక్క ఆడబిడ్డ సుత లేని ఇల్లని మా నాయిన సంబురపడి ఇచ్చిండు నన్ను. గిప్పుడు జూడు" అన్నది. అయినా అన్నం పెట్టింది. కొమురమ్మ రెండు ముద్దలు తిని, "పప్పుల ఉప్పు జర తక్కువైంది వదినె" అన్నది. అది ఆడబిడ్డలు అనాల్సిన మాట, అన్నది. మేడం మారు మాట్లాడకుండా ఉప్పు డబ్బా ముందు పెట్టింది. ఆ క్షణంలోనే కొమురమ్మ ఈ ఇంటి మనిషైపోయిందని నాకు తెలిసింది.

అన్నం తిన్నాక నాలుగు మూలలా పసుపు పెట్టిన పెండ్లిపత్రిక తీసి మంత్రి చేతిలో పెట్టింది. బిడ్డ పెండ్లి. మేనమామ వచ్చి, ముందు తల్లికి ఒడిబియ్యం పోసి, తరువాత పెండ్లిపిల్లను ఎత్తుకొని పందిట్లోకి తేవాలి. "పిలగానోళ్ళు అప్పుడే సూటిపోటి మాటలంటున్నరన్నా. తల్లికే పుట్టిల్లు లేదు, పిల్లకేముంటదని. మా అన్న వస్తడని జెప్పిన. నువ్వు రాకుంటే నా బిడ్డ గా ఇంట్ల తలెత్తుకోదు" అన్నది. ఆయన వస్తానన్నాడు. ఆయన ఎవరికి రానన్నాడు కనుక.

తీరా ఆ రోజే ముఖ్యమంత్రి మహబూబాబాద్ పర్యటన పడింది. మా వాళ్ళ మాటలో మానుకోట. హెలిప్యాడ్ దగ్గర పూలగుత్తితో నిలబడాల్సిన మంత్రి మా మంత్రే. పైగా మంత్రివర్గంలో మార్పులుంటాయని గుసగుసలు వినిపిస్తున్న రోజులు. ఆయన చీర, బియ్యం, కుడకలు, ఖర్జూరాలు నా చేతికిచ్చి, "నువ్వు పో పంతులూ. సీఎం హెలికాప్టర్ దిగంగనే నేను వస్తనని చెప్పు" అన్నాడు. రాడని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

కొమురమ్మ నా చేతిలోని మూటను చూసింది. నా వెనక ఖాళీ కారును చూసింది. "ఒడిబియ్యం వోసేది మనిషి. పీఏ గాదు. తీస్కపో" అన్నది. పందిట్లో పిలగాని తరఫువాళ్ళు గడియారాలు చూసుకుంటున్నారు. నేను మంత్రి చెప్పమన్న మాట చెప్పేసరికి వాళ్ళలో ఒక పెద్దాయన, "మేనమామ హెలికాప్టర్ల దిగుతడా ఏంది?" అన్నాడు. నలుగురు నవ్వారు. లోపల పెండ్లిపిల్ల తల ఇంకా కిందికి వంగింది. నాకు చేతకాక మంత్రికి ఫోన్ కలిపాను. ముఖ్యమంత్రి హెలికాప్టర్ మబ్బుల వల్ల ఆలస్యమని, కదల్లేనని ఆయన చెప్తుండగానే కొమురమ్మ నా చేతిలోంచి ఫోన్ గుంజుకుంది.

ఏడవలేదు, బతిమాలలేదు. "అన్నా, ఒక్కటే అడుగుత. వస్తవా, రావా? రానంటే ఏం లేదు. పందిట్ల నిలవడి మా అన్న సచ్చిపోయిండని చెప్త. బతికుండి రాలేదంటే నా బిడ్డకు సిగ్గు. సచ్చిండంటే ఎవలేమంటరు?"

నేను ఫోన్ దగ్గరికి చెవి పెట్టాను. అవతల కారు తలుపు మీద కొట్టుకున్న చప్పుడు వినిపించింది. ఆ వెంటనే, "నోరు కడుక్కో చెల్లె. వస్తన్న" అన్నాడు.

గంట లోపలే దుమ్ము లేపుకుంటూ వచ్చాడు. కంగారులో ముఖ్యమంత్రి పూలగుత్తి చేతిలోనే ఉండిపోయింది. దాన్ని పిలగాని చేతిలో పెట్టి, ముఖ్యమంత్రికని తెచ్చిన శాలువాను హెలికాప్టర్ మాటన్న పెద్దాయన భుజాల మీద కప్పాడు. కొమురమ్మను పీట మీద కూర్చోబెట్టి దోసిళ్ళతో బియ్యం పోశాడు. బియ్యం పోస్తున్నంతసేపూ ఆమె ఆయన ముఖమే చూస్తూ ఉంది. ఆమె కండ్ల నీళ్ళు ఒడిలోని బియ్యం మీద రాలాయి.

ఆపైన పిల్లను ఎత్తాలి. పిల్ల దిట్టంగా ఉంది. ఆయనకు మోకాళ్ళ నొప్పులు. నాలుగడుగులు వేసి గసపెడుతుంటే గన్‌మన్ సాయానికి వచ్చాడు. ముసలవ్వలంతా ఒక్క గొంతుతో, "నువ్వు ముట్టకు కొడుకా, మేనమామ గాదు" అన్నారు. గన్‌మన్ తుపాకీ పట్టుకొని బిక్కముఖంతో వెనక్కి జరిగాడు. మంత్రి పిల్లను పందిరి గుంజ పక్కన దించి, "జర ఆగు బిడ్డా. అసెంబ్లీల సుత టీకి ఇడుస్తరు" అన్నాడు. అందరూ నవ్వారు, పిల్ల కూడా. మళ్ళీ ఎత్తుకొని చివరి దాకా తీసుకుపోయాడు.

అటు మానుకోటలో మబ్బు విడిపోయి హెలికాప్టర్ దిగింది. కలెక్టరు ఖాళీ చేతులతో దండం పెట్టాడట. కొద్ది రోజులకే మా మంత్రి మాజీ అయ్యాడు. ఈ పెండ్లి వల్లేనా అంటే ఎవరికీ తెలియదు. పార్టీవాళ్ళు మాత్రం అవుననే అన్నారు. ఆయన నా మీద మూడు రోజులు అలిగాడు. నాలుగో రోజు, "ఫోన్ ఆమె చేతికెందుకిచ్చినవ్ పంతులూ?" అని అడిగాడు. ఇవ్వలేదు, గుంజుకుందన్నాను. "అవును తియ్. ఆడబిడ్డ గద, గుంజుకుంటది" అని, "అంత పెద్దమనిషికి పూలగుత్తి ఇయ్యనీకి శానమంది ఉంటరు. గాడ పిల్లనెత్తెటోన్ని నేనొక్కన్నే ఉంటి" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో కొంచెం గర్వం కూడా వినిపించింది.

తరువాత ఎన్నికల్లో ఓడిపోయాడు. వాకిట్లో లైను లేదు, ఫోన్లు లేవు. సెలవు రోజుల్లో నేను పోతే ఇద్దరం చాయ తాగేవాళ్ళం. కొమురమ్మ మాత్రం ఏడాదికోసారి గుమ్మడికాయ పట్టుకొని వచ్చి, అన్నం తిని, పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పి పోయేది. ఒకసారి ఆమె పోయాక ఆయన అన్నాడు, "ఎన్ని వరుసలు గలిపినం పంతులూ. గీమె ఒక్కతేనా మిగిలింది? ఎన్ని నిలుస్తయో నేను సచ్చిన్నాడు తెలుస్తది. నాకైతే తెల్వదు. నువ్వే చూడాలె." చావు మాట ఆయన నోట రావడం అదే మొదటిసారి. అలవాటు కొద్దీ తలుపు కోసం చెయ్యి చాచాడు. కారు ఎప్పుడో అమ్మేశాడు. కుర్చీ చెయ్యి మీద కొట్టుకున్నాడు.

బస్సు దిగి నేను వెళ్ళేసరికి ఆయనను అద్దాల పెట్టెలో పెట్టి వాకిట్లో ఉంచారు. పార్టీవాళ్ళు తాళ్ళు కట్టి రెండు లైన్లు చేశారు. ఒకటి పబ్లిక్, ఒకటి బంధువులు. పబ్లిక్ లైను గేటు దాటి రోడ్డు మీద దాకా ఉంది. బంధువుల లైనులో మేడం తరఫువాళ్ళు నలుగురైదుగురు. తోబుట్టువులు లేని మనిషికి అంతకంటే ఎక్కడి నుంచి వస్తారు.

కొమురమ్మ పబ్లిక్ లైను పక్క నుంచి నడిచి నేరుగా వచ్చింది. ఒక కార్యకర్త చెయ్యి అడ్డం పెట్టి, "అమ్మా, పబ్లిక్ గా దిక్కు" అన్నాడు. ఆమె ఆ చేతిని పక్కకు జరిపి, "నాకు లైను చూపిస్తున్నవా బిడ్డా? ఇది నా పుట్టిల్లు" అని పెట్టె దగ్గరికి వచ్చి కూలబడింది. అద్దం మీద చెయ్యి పెట్టి, "ఆనాడు ఉత్తగనే బెదిరిచ్చిన అన్నా. మా అన్న సచ్చిండని ఇయ్యాల ఎవలకు జెప్పాలె నేను" అని ఏడ్చింది. మేడం వచ్చి ఆమె పక్కన కూర్చుంది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి ఏడ్చారు.

పబ్లిక్ లైనులో ముందు నిలబడ్డ ఒకామె అది చూసింది. తాడు కింది నుంచి వంగి ఇటు వచ్చింది. "నేను సుత చెల్లెనే" అన్నది. ఆమె వెనక ఇంకొకామె. భూపాలపల్లి నుంచి డీసీఎం వ్యానులో వచ్చిన ఆడవాళ్ళంతా ఒకరి తరువాత ఒకరు తాడు దాటారు. సభలో రోడ్డు అడిగిన మరిపెడ బావ కండ్లు తుడుచుకుంటూ దాటాడు. తండా నుంచి వచ్చినవాళ్ళు, యాడీ ముందే పోయిందని, ఆమె తరఫున వచ్చామని దాటారు. కార్యకర్త పరేషానై నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "సార్, మీకు ఎరుకుంటది గద. వీళ్ళంత బంధువులేనా?"

అటు చూశాను. బంధువుల లైను గేటు దాటి రోడ్డెక్కింది. పబ్లిక్ లైనులో పార్టీ నాయకులు మాత్రం దండలు పట్టుకొని నిలబడి ఉన్నారు.

"బంధువులే" అన్నాను.

అతను వెళ్ళాక పెట్టె దగ్గరికి పోయి, ఆయన ఎడమ భుజం వైపు వంగాను. చూసినవాళ్ళు ముసలాయనకు మతి పోయిందనుకొని ఉంటారు. అద్దానికి నోరు ఆనించి, ఎప్పటిలాగే మెల్లగా చెప్పాను.

"నిలిచినయి సార్."